చెప్పు తెగిన ఇంజనీరు తొమ్మిది వీధుల దిగ్విజయం

తొలకరికి ఇరవై దినాల ముందు, ధూళిధూసరిత దిగంతమై, చెత్తబండి గంటానాద ముఖరితమైన ఒకానొక చిన్న పురపాలక సంఘంలో, వీధి చివరి ఇంటి గడప మీద, సూర్యోదయ శుభవేళ, ఒక ఎడమకాలి చెప్పు నిమిత్తంగా దంపతుల మధ్య ఘోర వాగ్యుద్ధం సంభవించింది.

ఆ చెప్పు పట్టీకి గోరంత చీలిక. కుట్టించమని ఇల్లాలు వారం నుంచి చెబుతోంది. దాన్ని ధరించినవాడు సామాన్యుడా? పురపాలక ఇంజనీరు, నలభై రెండు వీధుల ఏకైక సంరక్షకుడు, కొలతటేపు ఖడ్గధారి, జీపు రథారూఢుడు.

"నడుస్తోంది కదా. తెగినప్పుడు చూద్దాం," అన్నాడాయన.

"తెగాక చూసేదేముంది, పారెయ్యడమే. గోటితో పోయేదానికి గొడ్డలి దాకా ఆగడం మీ ఆఫీసు అలవాటు. ఇంట్లో వద్దు."

ఆఫీసు మాట మర్మస్థానాన తగిలింది. ఏలయనగా ఆ మధ్యాహ్నమే ఈ ఏటి రోడ్ల మరమ్మతు జాబితా చైర్మన్ గారికి చేరాలి. ఉన్న తారు ఒక్క వీధిని కొత్తగా వేయడానికి చాలుతుంది. అధ్వాన్నమైనదే ముందు అనే సనాతన న్యాయం ప్రకారం జాబితా శిరోభాగాన ఆయన సొంత వీధే విరాజిల్లుతోంది. కారణం గేటు ముందరి గర్తాసురుడు. ద్విచక్రవాహన దర్పభంజకుడు, వర్షాకాల సరోవర విలాసుడు. రెండు నెలల క్రితం ఆ గుంత ఇంజనీరు తల్లిని పడగొట్టింది. మోకాలు నయమైంది గానీ ధైర్యం నయం కాలేదు. నాలుగిళ్ల అవతలి చెల్లెలింటికి ఆమె మళ్లీ వెళ్లలేదు. గేటు పట్టుకుని నిలబడి, రోడ్డు ఎప్పుడు వేస్తావని కొడుకును అడుగుతోంది.

వీరుడు కొలతటేపు దూసి గర్తంలోకి దిగాడు. పొడవు నాలుగడుగులు, లోతు జానెడు అని రాసుకుని పైకెక్కబోగా, అసురుడు ఊపిరి బిగించి కాలు పట్టెను! చెప్పు పట్టీ టప్పున తెగింది. రథమా, పంక్చరై షెడ్డులో శయనించి ఉంది. ఇంట్లోకి తిరిగి వెళితే ఇల్లాలి చూపును ఎదుర్కోవాలి. కురుక్షేత్రమే నయమనిపించి, తెగిన చెప్పు చంకలో పెట్టుకుని ఆయన ఒంటిచెప్పుతో ముందుకు సాగాడు.

పక్కవీధి ఊళ్లోకెల్లా ఉత్తమోత్తమం. జీపులోంచి చూసి మూడేళ్లుగా దానికి నూటికి నూరు వేస్తున్నాడు. చక్రాలు దాచిన ఆ రహస్యాన్ని ఎడమ అరికాలు మూడు నిమిషాల్లో విప్పింది. వెంట్రుక మందాన పగుళ్లు, అడుగడుగునా గరగరా. గొంతుక్కూర్చుని పెన్ను మొన దించితే లోపలికి దిగింది. వాన పడితే నీరూ అలాగే దిగుతుంది, అడుగున మట్టి మెత్తబడుతుంది, పైది కుంగుతుంది. ప్రతి గర్తాసురుడికీ ఇటువంటి శైశవమే. తొమ్మిది మంచి వీధులు అలా ఒంటికాలి జ్ఞానంతో తిరిగి, జాబితాను తలకిందులుగా తిరగరాసి, ఆయన భోజనవేళకు ఇల్లు చేరాడు.

కంచాల ముందు కూర్చోగానే తల్లి అడిగింది, మన వీధి జాబితాలో ఎన్నోదని.

"చిట్టచివరిది అమ్మా. ఆ తారుతో తొమ్మిది వీధుల పగుళ్లు మూసేస్తే అవి ఇంకో ఐదారేళ్లు నిలుస్తాయి. మనది ఎలాగూ పోయింది, ఇంక పోయేదేం లేదు."

తల్లి ముద్ద కలపడం ఆపింది. "కాలు విరిగేది నాకు, మందు వాళ్లకా."

"గుంతలకు విడిగా ప్యాచీలు వేయిస్తున్నా. మన గేటు ముందుది ఈ సాయంత్రమే. రేపు పొద్దున పిన్ని ఇంటికి నేనే నడిపించుకెళతా."

ఆమె బల్ల కిందికి వంగి, కొడుకు పాదాల్ని చాలాసేపు చూసింది.

"ఏం వేసుకుని నడుస్తావు నాయనా?"

జాబితాను జంకులేకుండా మార్చిన వీరుడు ఓరకంట ఇల్లాలి వైపు చూసి తల వంచాడు.

"ఎడమదానికి కొత్త పట్టీ వేయిస్తా. కుడిదానికీ చీలిక మొదలైంది. అది తెగకముందే, ఇవాళే కుట్టిస్తా."

దిక్కులు పిక్కటిల్లలేదు, పూలవాన కురవలేదు. వారంరోజుల మహాసంగ్రామానంతరం గోరంత చీలికపై రెండు కుట్ల అఖండ విజయం ఆ విధంగా ప్రకటితమైంది. విజేతయైన ఇల్లాలు ఆయన కంచంలో ఇంకో గరిటె కూర వేసింది.