ముందు చెట్టు

కాఫీ గ్లాసు చేతిలో పట్టుకుని జగన్మోహనరావు వాకిట్లో అటూ ఇటూ తిరుగుతున్నాడు. మామిడితోటను ఈ ఏడు వ్యాపారికి గుత్తకిచ్చేసిన దగ్గర్నుంచీ ఆయనకు పొద్దు గడవడం లేదు. మే నెలలో నూజివీడు చుట్టుపక్కల పనితో ఊపిరాడని వాళ్ళే తప్ప ఊరికే కూర్చున్నవాడు కనిపించడు. అలాంటి నెలలో తను ఒక్కడే ఖాళీగా ఉండటం ఆయనకు జ్వరంలా పట్టుకుంది. ఆ జ్వరంలోంచే ఈ పథకం పుట్టింది. ఇంటి ముందు వాకిలీ, వెనక దొడ్డీ రెండూ గుర్తుపట్టలేనంతగా మార్చిపారేయాలి.

పథకం వినగానే సుబ్బరత్నమ్మ మధ్యలో గీత గీసేసింది. ముందు వాకిలి మొగుడిది. అక్కడ ఏం చేసుకున్నా తను అడగదు. వెనక దొడ్డి తనది. అక్కడ ఆయన వేలు పెట్టకూడదు. దొడ్డిలో ఉన్న రసాల మామిడి సంగతైతే అసలు ఎత్తకూడదు.

"ఆ చెట్టు మీద చెయ్యి పడిందో, నేను చింతలపూడి వెళ్ళి మా అక్క దగ్గర కూర్చుంటాను. మీరు మీ టైల్సు వండుకు తినండి" అంది.

ఆవిడ అన్నంత పనీ చేస్తుంది. వెనకటికి ఒకసారి కుక్కర్ విషయంలో మాటామాటా పెరిగి వెళ్ళిపోయి, నెల దాటాక వచ్చింది. ఆ నెల తను వండుకు తిన్నది జగన్మోహనరావు ఇప్పటికీ మర్చిపోలేదు. పైగా ఆ మామిడిచెట్టును ఆవిడ ఎలా కాస్తుందో ఊరందరికీ తెలుసు. కోతులొస్తే కర్ర పట్టుకుని మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబడుతుంది. తోట గుత్తకు తీసుకున్న వ్యాపారి దాని వంక ఒకసారి తలెత్తి చూశాడని, మజ్జిగ కూడా ఇవ్వకుండా గేటు దాకా సాగనంపింది.

అందుకని జగన్మోహనరావు తన పథకాన్ని వాకిలికి కుదించుకున్నాడు. వాకిట్లో ఒక బాదంచెట్టుంది. రోజూ గంపెడు ఆకులు రాల్చడం తప్ప దానికి వేరే పని లేదు. దాన్ని కొట్టించేసి, కారు తిరిగేలా టైల్సు పరిపించాలి. ఈ పనులు చేయించే మేస్త్రీ చిన్నయ్య, ఇద్దరు మనుషుల్నీ ఒక మిషన్ రంపాన్నీ వెంటబెట్టుకుని పొద్దున్నే దిగాడు. జగన్మోహనరావు తిరగడం ఆపకుండానే, కాఫీ గ్లాసు గాల్లో ఊపుతూ ఆజ్ఞ జారీ చేశాడు.

"చూడు చిన్నయ్యా, ముందు చెట్టు కొట్టెయ్. వెనక సంగతి వెనక చూద్దాం."

"అలాగేనండి బాబుగారూ" అన్నాడు చిన్నయ్య.

అంతలో సుబ్బరత్నమ్మ పట్టుచీర కట్టుకుని బయటికొచ్చింది. చింతలపూడిలో అక్క మనవరాలి ఓణీల ఫంక్షనుంది. గేటు దగ్గర ఆగి మొగుడి వైపు తిరిగి, "నా చెట్టు జాగ్రత్త" అని ఒకే ఒక్క మాట అని ఆటో ఎక్కింది. మరి కాసేపటికి జగన్మోహనరావు కూడా స్కూటర్ తీశాడు. టైల్సు కొనడానికి హనుమాన్ జంక్షన్ వెళ్ళాలి.

జంక్షన్‌లో టైల్సు కొట్టువాడు ఒక్కో పలకా తీసి ఆయన ముందు పరుస్తున్నాడు. బూడిద రంగు, ఎరుపు, తేనెటీగల పట్టు డిజైను. జగన్మోహనరావు చూపు పలకల మీద నిలవడం లేదు. అక్కడ పనెంతవరకు వచ్చిందో తెలిస్తే తప్ప ఇక్కడ రంగు తేల్చలేడు. ఫోన్ తీశాడు.

"మొదలెట్టావా చిన్నయ్యా?"

"ఎప్పుడో మొదలెట్టేశామండి. మనిషి పైకెక్కాడు. కాయ దింపుతున్నాం."

"కాయలదేముందిలే. అడిగినోళ్ళకి ఇచ్చెయ్."

"ఊరికేనా అండి?"

"ఊరికే కాకపోతే వాటినెవడు కొంటాడయ్యా? పిల్లలు తొక్క కొరికి పారేయడానికి తప్ప ఎందుకు పనికొస్తాయి?"

"బాబుగారూ, ఎండలో ఉన్నట్టున్నారు, కాస్త నీడకెళ్ళండి" అన్నాడు చిన్నయ్య జాలిగా. "టెంక కూడా ముదిరిందండి. ఆవకాయకి బ్రహ్మాండంగా ఉంటాయి. మా ఇంటిదాన్ని ఓ బుట్ట పట్టుకెళ్ళమంటాను."

"అలాగే పట్టుకెళ్ళమను" అని ఫోన్ పెట్టేసి, తేనెటీగల పట్టు డిజైను చేతిలోకి తీసుకున్నాడు. బాగుంది. గట్టిగా ఉంది. కారు ఎక్కినా పగలదు. పలకను తిప్పి వెనక వైపు చూస్తుండగా, ఇందాకటి మాటల్లోంచి ఒక్క ముక్క నెమ్మదిగా పైకి తేలింది.

బాదంకాయతో ఆవకాయ ఎవడు పెడతాడు?

పలక చేతిలోంచి జారింది. కారు ఎక్కినా పగలనిది కాలి దగ్గర పడి రెండు ముక్కలైంది. కొట్టువాడు ఏదో అంటున్నాడు. జగన్మోహనరావు చెవుల్లో పొద్దుటి తన గొంతే వినిపిస్తోంది. ముందు చెట్టు కొట్టెయ్. ముందున్న చెట్టు అని తన ఉద్దేశం. మొదట చెట్టు సంగతి చూడు అని చిన్నయ్య అర్థం చేసుకున్నాడు. కొట్టడానికి ఒక చెట్టు కావాలి కనుక, తిన్నగా దొడ్లోకి నడిచి అక్కడున్న దాన్ని ఎక్కేశాడు.

మళ్ళీ చేస్తే చిన్నయ్య ఫోన్ మోగింది కానీ ఎత్తలేదు. మళ్ళీ చేశాడు. ఎత్తలేదు. రంపం ఆన్ చేసి ఉంటాడు. పక్కింటి లీదియా టీచర్ గుర్తొచ్చింది. వేసవి సెలవులు, ఇంట్లోనే ఉంటుంది. గోడ మీంచి ఒక్క కేక వేస్తే చాలు.

"లీదియాగారూ, అర్జెంటు. మా చిన్నయ్యని ఆపండి. వెనక చెట్టు కొట్టేస్తున్నాడు."

"వెనక కొడతాడా అన్నయ్యగారూ? మరి ఇప్పుడేం చేస్తున్నాడు?"

"ఇప్పుడే కొడుతున్నాడండీ. వెనకది."

"ఇప్పుడు కొడుతుంటే వెనక ఎలా అవుతుందండీ?"

"దొడ్డి చెట్టండీ బాబూ. అది కాదు, ముందు చెట్టు కొట్టమనండి."

"ముందు చెట్టే కొడుతున్నారుగా. టైల్సు ఇంకా రాలేదు కదండీ."

జగన్మోహనరావు నుదురు తుడుచుకున్నాడు. హైవే మీద లారీ తర్వాత లారీ హారన్ కొట్టుకుంటూ పోతోంది. "బాదం," అన్నాడు ఒక్కో అక్షరం విడదీసి. "బా, దం. బాదం చెప్పండి వాడికి."

"బాదంపాలా అండీ? ఈ ఎండలో జంక్షన్ నుంచి తెస్తే విరిగిపోతాయి. వదినగారొచ్చాక ఇంట్లోనే కాచుకోవచ్చులెండి."

లైన్ తెగిపోయింది. స్కూటర్ ఎంత వేగంగా తోలినా ఇల్లు చేరేసరికి మొద్దు తప్ప మిగలదు. చిన్నయ్యను ఆపాలంటే వాడు భయపడే మనిషి కావాలి. అప్పుడు తట్టింది ఆయనకు. ఊరి సచివాలయంలో కొత్తగా చేరిన ఉద్యోగిని వినీల. ఊరి వాట్సాప్ గ్రూపులో ఆవిడ నంబరుంది. చెట్ల మాటెత్తితే ఆవిడకు పూనకం వస్తుందని అందరూ చెప్పుకుంటారు. జగన్మోహనరావు కొట్టు వెనక్కి వెళ్ళి, ఫోనుకు జేబురుమాలు అడ్డం పెట్టుకుని గొంతు మార్చాడు.

"మేడమ్, ఇక్కడ పచ్చని చెట్టుని నిలువునా నరికేస్తున్నారు. కాయలతో ఉన్న చెట్టు."

"ఎవరండీ మాట్లాడేది?"

"పేరెందుకు మేడమ్. బాధ్యత గల పౌరుణ్ణి."

"ఇల్లు ఎవరిది?"

ఆయన అటూ ఇటూ చూశాడు. "జగన్మోహనరావు అని, వాటర్ ట్యాంకు సందులో. మనిషి మంచివాడే. ఊళ్ళో గౌరవం ఉంది. ఏదో పొరపాటు పడ్డట్టున్నాడు."

"ఇలాంటివాళ్ళని వదలకూడదు సార్."

"వదలొద్దు మేడమ్," అన్నాడు ఆవేశంగా. వెంటనే, "మరీ గట్టిగా కూడా పట్టుకోకండి" అని చేర్చాడు. అప్పటికే ఆవిడ ఫోన్ పెట్టేసింది.

ఇంటి దారి పట్టాడు కానీ దారి ఆయన్ని పట్టించుకోలేదు. ముందు మామిడికాయల క్రేట్లతో ఒక ట్రాక్టర్ నడిరోడ్డు మీద ఊరేగుతోంది. హారన్ కొట్టీ కొట్టీ బొటనవేలు నొప్పెట్టింది. ఆ వెనకాలే స్కూటర్ మీద దేకుతూ సుబ్బరత్నమ్మకు చెప్పాల్సిన సంజాయిషీలు ఒక్కొక్కటిగా కట్టుకున్నాడు. పిడుగు పడిందంటే మబ్బు లేదు. చీడ పట్టిందంటే నిన్ననే ఆవిడ దానికింద నిలబడి కాయల్ని లెక్కేసింది. కోతులు పీకేశాయంటే నమ్మేంత పెద్ద కోతి జిల్లా మొత్తంలో లేదు. చివరికి ఒకటే మిగిలింది. కాళ్ళ మీద పడటం. అది కూడా ఆటో దిగగానే, ఆవిడ దొడ్లోకి అడుగుపెట్టకముందే పడాలి.

ఇల్లు చేరేసరికి గేటు దగ్గర జనం పోగయ్యారు. వాకిట్లో బాదంచెట్టు నిక్షేపంగా ఉంది. పరిగెత్తుకుంటూ దొడ్లోకెళ్ళాడు. మామిడికాయలు ఒకవైపు గుట్టగా ఉన్నాయి. కొమ్మలన్నీ నేల మీదున్నాయి. చెట్టు మటుకు బోసి మోడై, మొదట్లో చిన్న గాటుతో ఇంకా నిలబడి ఉంది. దానికి వీపు ఆనించి, రెండు చేతులూ చాపి వినీల నిలబడింది. ఎదురుగా చిన్నయ్య రంపం కింద పెట్టి బిక్కమొహం వేసుకున్నాడు. గోడ మీంచి లీదియా టీచర్ తొంగి చూస్తోంది.

"మీరేనా ఓనరు?" అంది వినీల. "పర్మిషన్ లేకుండా పచ్చని చెట్టు కొట్టిస్తారా? ఎవరో మంచి మనిషి ఫోన్ చేశారు కాబట్టి సరిపోయింది."

"నేను ముందు చెట్టు అన్నానండి. ముందు అంటే ముందు" అన్నాడు జగన్మోహనరావు, వాకిలి వైపు చెయ్యి చూపిస్తూ.

"నువ్వు చెప్పు," అని వినీల చిన్నయ్య వైపు తిరిగింది.

చిన్నయ్య చేతులు కట్టుకుని, బడిలో పద్యం ఒప్పజెప్పినట్టు గుక్కతిప్పుకోకుండా చెప్పాడు. "బాబుగారు ముందు చెట్టు కొట్టమన్నారండి ముందు అంటే మొదట అనుకున్నామండి తెలియక జరిగిన పొరపాటండి ఇందులో ఎవరి తప్పూ లేదండి."

మాట మరీ నున్నగా ఉంది. జగన్మోహనరావుకి ఎక్కడో తేడా కొట్టింది. కానీ ఆలోచించే వ్యవధి లేదు. గేటు బయట ఆటో ఆగింది. చింతలపూడి భోజనాల నుంచి సుబ్బరత్నమ్మ అనుకున్నదానికంటే ముందే వచ్చేసింది. జనాన్ని తోసుకుంటూ దొడ్లోకి వస్తోంది. ఆయన మోకాళ్ళు వంగడానికి సిద్ధమయ్యాయి.

"సుబ్బరత్నం, ముందు నా మాట విను" అని మొదలుపెట్టాడు.

ఆవిడ వినలేదు. ఆయన్ని దాటుకుంటూ వెళ్ళి చెట్టును కిందనుంచి పైదాకా చూసింది. మొహం వాడిపోయింది.

"ఇంకా నిలబడే ఉందేంటి చిన్నయ్యా? పొద్దుట్నుంచీ ఏం చేస్తున్నావు?"

సగం వంగిన జగన్మోహనరావు అలాగే ఉండిపోయాడు. గోడ మీంచి లీదియా టీచర్ సన్నగా అంది, "మీరు చెప్పినట్టే అర్థం కానట్టు మాట్లాడాను వదినగారూ. బాదంపాలు మాత్రం నా సొంతం."

"మీరు బానే మాట్లాడారు. ఆవకాయ ఊసెత్తమని వీడికెవరు చెప్పారు?" అని సుబ్బరత్నమ్మ చిన్నయ్య మీదకు తిరిగింది. ఆవిడ దారిలో ఉండగానే అతను ఫోన్ చేసి అంతా చెప్పినట్టున్నాడు.

"నోరూరిందమ్మా" అన్నాడు చిన్నయ్య తల దించుకుని.

జగన్మోహనరావు నడుం నిటారుగా చేసుకున్నాడు. "చెట్టు కొట్టమన్నది నువ్వా? ప్రాణంలా చూసుకుంటావు కదే."

"ప్రాణమా?" అంది సుబ్బరత్నమ్మ. "కాపరానికొచ్చిన దగ్గర్నుంచీ ఈ చెట్టుకి చాకిరీ చేస్తున్నాను. కాయ తుడిచి, గడ్డిలో మాగేసి, మీ అక్కగారికో బుట్ట, మీ చెల్లెలికో బుట్ట, మీ బాబాయిగారి అల్లుడికో బుట్ట. ఒక్క కాయ తగ్గితే నేను పుట్టింటికి తోలేశానంటారు. అందుకే కోతుల్ని కూడా చేరనివ్వలేదు. నాకు ఈ దొడ్లో ఏనాడన్నా ఎండ తగిలిందా? నాలుగు వడియాలు పెట్టుకోవాలంటే లీదియాగారి డాబా ఎక్కాలి."

"ఆ ముక్క నాకు చెప్పొచ్చు కదా."

"చెబితే మీరు మీ అక్కగారికి ఫోన్ చేస్తారు. అదే మీ నోటి తొందరవల్ల పొరపాటున పడిపోతే నన్నెవరూ అనరు. పొద్దున మీరు ముందు చెట్టు అనడం విని, ఆటోలోంచే వీళ్ళిద్దరికీ ఫోన్ చేశాను. పైగా రెండ్రోజులు ఏడుద్దామని కూడా అనుకున్నాను."

వినీల గొంతు సవరించుకుంది. సంసారం గొడవలో ఆవిడకు ఆసక్తి లేదు. ఈ ఆవరణలో ముందైనా వెనకైనా ఒక్క చెట్టు మీద గొడ్డలి పడటానికి వీల్లేదని, పడితే ఇద్దరి మీదా కేసు రాస్తానని చెప్పింది. తర్వాత మొహం కాస్త వెలిగింది. "ఫోన్ చేసినాయన పేరు కూడా చెప్పుకోలేదండీ. అలాంటి పౌరులుండాలి. పర్యావరణ దినోత్సవం రోజు పిలిచి సన్మానం చేస్తాం."

సుబ్బరత్నమ్మ కళ్ళు చిన్నవయ్యాయి. గొంతు మటుకు పాకంలా తీపెక్కింది. "అయ్యో, అంత మంచివాళ్ళు ఎవరమ్మా? మాకూ ఒకసారి మాట్లాడాలనుంది. నంబరుంటే చేసిపెట్టు."

"చేస్తానండీ" అని వినీల ఫోన్ తీసింది.

కోయిల కూసింది. అందరూ తలెత్తి మోడువారిన చెట్టు వైపు చూశారు. ఆకు లేదు, కొమ్మ లేదు, కోయిల కూడా లేదు. మళ్ళీ కూసింది. ఈసారి కూత జగన్మోహనరావు చొక్కా జేబులోంచి వస్తోందని అందరికీ తెలిసింది. ఆయన జేబు మీద అరచెయ్యి గట్టిగా అదిమాడు. కోయిల గొంతు నొక్కుకుపోయింది కానీ ఆగలేదు.

సుబ్బరత్నమ్మ ఆయన వైపు చూస్తూనే, "చిన్నయ్యా, ఆ ఆటో వెళ్ళిపోకుండా ఆపు" అంది.

జూన్ మొదటి వారంలో సచివాలయం దగ్గర టెంటు వేసి జగన్మోహనరావుకు శాలువా కప్పారు. అప్పటికి మామిడి మోడుకు ఎర్రని చిగుళ్ళు వచ్చాయి, బాదంచెట్టు ఎప్పటిలాగే ఆకులు రాలుస్తోంది, ఆయన చొక్కా కాస్త వదులైంది. సన్మానం చూడటానికి చింతలపూడి నుంచి పనిగట్టుకుని వచ్చి మొదటి వరసలో కూర్చున్న సుబ్బరత్నమ్మ చప్పట్లు మాత్రం కొట్టలేదు.