తలుపు చెప్పిన వాన

ఆ పొద్దున పిన్ని వేసుకున్న ప్లాను చిన్నదే. కాఫీ తాగాలి. డాబా మీద ఆరేసిన కాగితం పూలను ఒకసారి ఎండవైపు తిప్పాలి. కొట్టుకెళ్లి ఆకుపచ్చ ఇనుప తీగ తెచ్చుకోవాలి. సాయంత్రానికి పూలన్నీ తీగకి చుట్టేస్తే, మర్నాడు అందరూ నిద్ర లేచేసరికి బిల్డింగు ముఖద్వారం మీద ఆర్చి నిలబడి ఉంటుంది. ఈ ప్లానులో వాన అన్న మాటే లేదు.

ఎవరికి పిన్ని అని అడక్కూడదు. ఆ మూడంతస్తుల బిల్డింగులో ఆమె అందరికీ పిన్నే, ఆమెకన్నా బాగా పెద్దవాడైన సెక్రటరీ గారితో సహా. దాంతో ఆమె భర్త కూడా, ఆయన ఇష్టాయిష్టాలతో పని లేకుండా, అందరికీ బాబాయ్ అయిపోయాడు. బాబాయ్ వాతావరణ శాఖలో ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. హాల్లో గోడకి గాలి ఒత్తిడి చూపించే గుండ్రటి పరికరం ఒకటి తగిలించుకున్నాడు. రోజూ పొద్దున్నే దాని అద్దాన్ని వేలితో తట్టి, ముల్లు ఎటు కదిలిందో చూసి, ఆ రోజు ఎండో వానో ప్రకటిస్తాడు. వినడానికి పిన్ని తప్ప ఎవరూ ఉండరు. సరిగ్గా ఆ సమయానికి పిన్ని వంటింట్లో కుళాయి తిప్పుతుంది.

బిల్డింగు నమ్మేది ముల్లుని కాదు, పిన్ని తలుపుని. పిన్ని కాలానికో పూలరింగు చేసి వీధి తలుపుకి తగిలిస్తుంది. అన్నీ గుడ్డపూలే. చలికాలానికి ముదురు ఎరుపు, ఎండాకాలానికి పసుపు, వానాకాలానికి నీలమూ తెలుపూ, ఆకుల కొసన చినుకుల్లా గాజుపూసలు. ఒక ఏడాది ఆమె వానరింగు తగిలించిన సాయంత్రమే వాన దంచి కొట్టింది. మరుసటి ఏడాది చెయ్యి బెణికి రింగు ఆలస్యమైతే, వాన కూడా ఆలస్యంగా వచ్చింది. ఇంకేముంది, పిన్ని తలుపుకి తిరుగులేదని అందరూ తీర్మానించేసుకున్నారు. ఎవరైనా ఆ మాట ఎత్తితే పిన్ని "అబ్బే, నాదేముందండీ" అనేది. అని, వాళ్లు ఇంకోసారి అంటారేమోనని కాసేపు అక్కడే నిలబడేది.

ఆ పేరు వల్లే ఆర్చి పని ఆమెకి వచ్చింది. ఏటా బిల్డింగు వార్షికోత్సవానికి ముఖద్వారం మీద ప్లాస్టిక్ పూలు అద్దెకి తెచ్చి కట్టేవారు. ఈసారి పిన్నితో చేయిద్దామని మీటింగులో సెక్రటరీ గారు అన్నారు. పై అంతస్తులో ఉండే బ్యాంకు మేనేజరు మాత్రం కళ్లజోడు తుడుచుకుంటూ, "ఇంట్లో చేసిన పూలు ఇంట్లో బాగుంటాయండీ. ముఖద్వారం అంటే నలుగురూ చూసేది కదా" అన్నాడు. ఆ మాట పిన్ని గుండెల్లో ముల్లులా దిగబడిపోయింది. ఆ రోజు నుంచి ఆమె కత్తెర కింద పెట్టలేదు. క్రేప్ కాగితం రేకులు రేకులుగా కత్తిరించి, అంచులకి నీటిరంగు అద్ది, ఒక్కో పువ్వునీ ఊది ఊది చేసింది. పూలు నిజంగానే గొప్పగా వచ్చాయి. ఇప్పుడవన్నీ డాబా మీద తాళ్లకి వేలాడుతున్నాయి.

కాఫీ అయ్యాక, వానాకాలం దగ్గరపడుతోంది కదా అని, పిన్ని అటక మీది పెట్టె దింపి తలుపు వానరింగు తీసి చూసింది. పెట్టెలో నలిగి ఆకులన్నీ పడుకుండిపోయాయి. రింగు నిలువుగా వేలాడితే గాని వాటిని సరిచేయడం కుదరదు. ఇంట్లో అంత బరువు ఆపే మేకు వీధి తలుపుకే ఉంది. పసుపు రింగు తీసి, నీలం రింగు తగిలించి, నాలుగు ఆకులు దువ్విందో లేదో ఫోను మోగింది.

"పిన్నిగారూ, ఆకుపచ్చ తీగ ఒక్క కట్టే మిగిలింది. ఇంకొకావిడ దాన్నే చూస్తున్నారు" అన్నాడు కొట్టాయన.

"చూడనివ్వండి గానీ ఇవ్వకండి" అని పిన్ని చెప్పుల్లో కాళ్లు పెట్టింది.

ఎదురింటి టీచరమ్మ తలుపు తీసేసరికి ఎదురుగా నీలం రింగు. ఆమె మారుమాట లేకుండా డాబా ఎక్కి, ఆరేసిన దుప్పట్లన్నీ లాగేసి, దిగుతూ దిగుతూ సెక్రటరీ గారి గంట కొట్టింది. "పిన్ని రింగు మార్చింది" అని ఒక్క ముక్క చెప్పింది. సెక్రటరీ గారు చొక్కా తొడుక్కుంటూనే వాచ్‌మన్‌ని కేకేశారు. వాచ్‌మన్ నీళ్ల మోటారుకి పట్టా కప్పి, డాబా తూములు పొడిచి శుభ్రం చేశాడు. ప్రహరీకి రంగు వేయడానికి వచ్చిన పెయింటరు డబ్బా మూత తీయబోతుంటే, "ఇవాళ వద్దులే నాయనా, వాన" అని వెనక్కి పంపేశారు. పెయింటరు ఆకాశం వైపు చూశాడు. అక్కడ మబ్బన్నది మచ్చుకైనా లేదు. పెద్దవాళ్లతో మనకెందుకని నిచ్చెన భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

అసలు దెబ్బ తగిలింది మేనేజరుకి. ఆ సాయంత్రం డాబా మీద ఆయన కూతురి పుట్టినరోజు. పిన్ని పూలతో ఆయనకి పేచీ ఉండొచ్చు గానీ, తలుపుతో లేదు. కుర్చీలూ, బల్లలూ, బుడగలూ, పాటల పెట్టె అన్నీ పైనుంచి కింద ముఖద్వారం హాల్లోకి దింపించాడు. వచ్చేవాళ్లందరికీ ఫోన్లు చేసి గొడుగులు తెచ్చుకోమన్నాడు.

ఇవేవీ తెలియని పిన్ని కొట్లో తీగ కట్ట చంకలో పెట్టుకుని బయల్దేరబోతుంటే, "గొడుగులన్నీ అయిపోయాయండీ. మీ బిల్డింగువాళ్లే పట్టుకుపోయారు. వాన వస్తుందటగా" అన్నాడు కొట్టాయన.

"ఎవరన్నారు?"

"మీ బిల్డింగులో ఎవరో బాగా తెలిసిన మనిషి ఉన్నారట. వాళ్ల మాట పోదట."

పిన్నికి ఒళ్లు పులకరించింది. బాగా తెలిసిన మనిషి అంటే ఇంకెవరు, వాతావరణ శాఖలో జీవితమంతా ధారపోసిన తన భర్త. ఇన్నాళ్లకి ఆయన విలువ జనానికి తెలిసింది. రోజూ కుళాయి తిప్పినందుకు ఆమెకి మనసులో కాస్త సిగ్గు కూడా వేసింది. దారి పొడవునా తల ఎత్తుకుని నడిచింది.

ఇంటికొచ్చేసరికి, ఉక్కగా ఉందని బాబాయ్ తలుపు బార్లా తీసి పెట్టాడు. దాంతో తలుపు బయటివైపు, రింగుతో సహా, గోడకి ఆనుకుపోయింది.

"చూశారా, ఆఖరికి మీ మాట విన్నారు. ఊరంతా గొడుగులు కొంటోంది" అంది పిన్ని, గర్వంగా.

"నేనేం చెప్పాను? వాన లేదు. ముల్లు కదిలితే కదా" అన్నాడు బాబాయ్.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇంతలో దుప్పట్ల మూట ఎత్తుకుని టీచరమ్మ వచ్చింది. "పిన్నీ, నువ్వు లేకపోతే నా దుప్పట్లు ఏమైపోయేవో. చల్లగా ఉండాలి నీ తలుపు" అని, తలుపుని ఇటు లాగి నీలం రింగుని ఆప్యాయంగా తడిమి వెళ్లిపోయింది. పిన్ని అలాగే కుర్చీలో కూలబడింది.

"వెళ్లి చెప్పెయ్. ఆకులు సరిచేద్దామని తగిలించానని చెప్పెయ్" అన్నాడు బాబాయ్. ఆయన గొంతులో జాలి ఉంది గానీ, జాలి ఒక్కటే లేదు.

"చెబితే రేపు ఆర్చి గతేంటి? సొంత తలుపుకే రింగు సరిగ్గా తగిలించుకోలేని మనిషికి ముఖద్వారం అప్పజెప్పామా అనరూ ఆ మేనేజరు గారు?"

"సాయంత్రానికి ఎలాగూ తెలిసిపోతుంది. ఈ వారంలో చినుకు పడదు. కావాలంటే రాసిస్తాను."

"నిజంగా పడదా? మరి డాబా మీద నా పూలు?"

"హాయిగా ఆరనీ."

రంగు ఇంకా పచ్చిగానే ఉంది. ఇప్పుడు దింపితే ఒకదానికొకటి అంటుకుని పాడవుతాయి. బాబాయ్ చూస్తే ముల్లుకేసి వేలు చూపిస్తూ కొండంత ధైర్యంగా నిలబడ్డాడు. పెళ్లయ్యాక మొదటిసారి పిన్ని వాన విషయంలో భర్త మాట నమ్మింది.

కాసేపటికి వాచ్‌మన్ వచ్చి, "అమ్మా, పైన అందరివీ దించేశాను. మీ పూలు కూడా దించమంటారా?" అని అడిగాడు. వద్దంటే వాన లేదని ఒప్పుకున్నట్టు. సరేనంటే పూలు పోయినట్టు.

"వానాకాలం పూలు కదా నాయనా. వాటికి కాస్త అలవాటు కావాలి" అంది పిన్ని.

ఇందులో ఏదో పెద్ద విద్య ఉందనుకుని వాచ్‌మన్ తలూపుకుంటూ దిగిపోయాడు.

మధ్యాహ్నం దాటింది. ఎండ ఎవరిమీదో కోపం ఉన్నట్టు కాస్తోంది. పట్టాలు కప్పిన కార్లు లోపల్లోపల ఉడికిపోతున్నాయి. కిటికీలన్నీ బిగించుకున్న ఇళ్లలో జనం చెమటలు కక్కుతున్నారు. హాల్లో ఎండ వేడికి మేనేజరు గారి బుడగలు ఒక్కొక్కటే పేలుతున్నాయి. పేలిన ప్రతిసారీ పిన్ని ఉలిక్కిపడి తలుపు వంక చూసేది. నాలుగింటికల్లా ఆ తలుపు ముందు అందరూ పోగయ్యారు.

"పిన్నిగారూ, గౌరవంతోనే అడుగుతున్నాను. వాన ఎప్పుడు?" అన్నాడు మేనేజరు, రైలు ఎన్నింటికని అడిగినట్టు.

సెక్రటరీ గారు చేతులు వెనక్కి కట్టుకుని నేల చూస్తున్నారు. టీచరమ్మ మాత్రం, మా పిన్ని ఇప్పుడు చెబుతుంది చూడండి అన్నట్టు ధీమాగా నవ్వుతోంది. ఆ నవ్వు చూశాకే పిన్నికి ఇక దాచడం చేతకాలేదు. రింగు మేకు నుంచి తీసి చేత్తో పట్టుకుంది.

"వాన లేదు. ఇది వానకోసం తగిలించింది కాదు. పెట్టెలో ఆకులు నలిగాయి, సరిచేద్దామని తగిలించాను. మీరంతా కంగారు పడుతున్నారని తెలిశాకైనా చెప్పాల్సింది. చెబితే ఆర్చి నా చేతిలోంచి పోతుందని నోరు మూసుకున్నాను. తప్పు నాదే."

బాబాయ్ లోపల్నుంచి వచ్చి భార్య పక్కన నిలబడ్డాడు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఆయన ఎదురుచూసిన శ్రోతలు ఇదిగో ఇప్పుడు వరసగా నిలబడి ఉన్నారు. గొంతు సవరించుకున్నాడు.

"నేను పొద్దున్నే చూశాను. ముల్లు వెంట్రుకవాసి కూడా కదల్లేదు. ఈ వారమంతా వాన పడే ప్రసక్తే..."

ఉరుము ఆ వాక్యాన్ని పూర్తి చేయనివ్వలేదు.

"అది ఎక్కడో దూరంగా" అన్నాడు బాబాయ్.

మరుక్షణం మెట్ల కిటికీలోంచి జల్లు కొట్టి ఆయన కళ్లజోడు తడిసిపోయింది. కుండపోత. పట్టాల మీద, కార్ల మీద, రంగు వేయని ప్రహరీ మీద వాన ఒకటే బాదుడు. అందరూ ఒక్కసారిగా చప్పట్లు కొట్టారు. సెక్రటరీ గారు పిన్ని చేతిలోని రింగు తీసుకుని స్వయంగా మళ్లీ మేకుకి తగిలించారు.

"తప్పట, తప్పు. ఆవిడ వినయం చూశారా?" అన్నారు.

పిన్ని ఆ మాట వినలేదు. ఆమె అప్పటికే మెట్లు ఎక్కుతోంది. పైన తాళ్లకి పూలు లేవు. తడిసిన కాగితం ముద్దలు వేలాడుతున్నాయి. నీలం, తెలుపు, ఆకుపచ్చ అన్నీ కలిసి, వాచ్‌మన్ చక్కగా పొడిచి పెట్టిన తూములోకి జారిపోతున్నాయి. బిల్డింగు మొత్తంలో ఆ రోజు వానకి పాడైంది ఒక్క వాతావరణ శాఖ మనిషి ఇంటి సామానే. ఒక ముద్దని రెండు చేతులతో పట్టుకుని పిన్ని వానలోనే నిలబడి ఏడ్చింది.

నీలం చేతులతో ఆమె కిందికి దిగేసరికి హాల్లో పుట్టినరోజు పాట ఆగిపోయింది.

"మీకు వాన వస్తుందని తెలుసు కదా. పూలు పైన ఎందుకు ఉంచేశారు?" అన్నాడు మేనేజరు.

"తెలియదు కాబట్టే" అంది పిన్ని.

"విన్నారా? మనందరివీ కాపాడే ధ్యాసలో తనవి మరిచిపోయింది. అది చెప్పుకోవడం కూడా ఇష్టం లేదు" అంది టీచరమ్మ, కళ్లు ఒత్తుకుంటూ. పిన్ని కాదనబోయింది. ఎవరూ వినిపించుకోలేదు. నిజం రెండుసార్లు చెప్పినా చెల్లకపోతే మనిషి ఏం చేస్తుంది, ఊరుకుంది.

మేనేజరు కాసేపు కళ్లజోడు తుడుచుకున్నాడు. తర్వాత బల్ల మీది కేకు పక్కకి జరిపి, "కాగితం ఇంకా ఉందా పిన్నిగారూ?" అని అడిగాడు.

"ఉంది. చేసే టైమే లేదు."

"ఇంతమందిమి ఉన్నాం. మాకు నేర్పండి. మొదట నాకు."

పిన్ని చేతులు కడుక్కుని వచ్చి బల్ల దగ్గర కూర్చుంది. అతిథులు, పిల్లలు, సెక్రటరీ గారు, వాచ్‌మన్ అందరూ చుట్టూ చేరారు. "అంచు బొటనవేలితో సాగదీయండి. అంత గట్టిగా కాదు, పువ్వు అది. రేకు మీద రేకు, తీగ బిగించి" అంటూ ఆమె బల్ల చుట్టూ తిరుగుతుంటే, బాబాయ్ ఎవరూ అడక్కుండానే కూర్చుని తీగ ముక్కలు కత్తిరించాడు. చినిగినవి చినిగాయి, వంకరవి వంకరగానే వచ్చాయి. మేనేజరు గారి పువ్వు మాత్రం ఎవరెటు తిప్పినా క్యాబేజీలాగే ఉంది. దాన్ని ఆకుల వెనక పెడదామని పిన్ని అనుకుంది గానీ, ఆయన పట్టుబట్టి ఆర్చికి సరిగ్గా మధ్యలో కట్టించాడు.

మర్నాడు పొద్దున ముఖద్వారం ముందు రోడ్డున పోయేవాళ్లు ఆగి మరీ చూశారు. ఆఫీసుకి ఆలస్యమైనా సరే మేనేజరు గేటు దగ్గరే నిలబడ్డాడు. "కొన్నవి కాదండీ, అన్నీ ఇంట్లో చేసినవే. మధ్యలోది నాది" అని అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పాడు. ఆ మాట మెట్ల మీద నిలబడి విన్న పిన్ని, ఈసారి "నాదేముందండీ" అనలేదు. అది తన ఆర్చి అని తనకి తెలుసు. గుండె నిండిపోయి, నవ్వుకుంటూ ఇంట్లోకి వచ్చింది.

బాబాయ్ అప్పుడే సంచీ తీసుకుని కూరగాయలకి బయల్దేరుతున్నాడు. అలవాటుగా గోడ మీది అద్దాన్ని వేలితో తట్టాడు. ముల్లు ఎండ అంది. బయటికొచ్చి, ఎవరూ చూడడం లేదు కదా అని అటూ ఇటూ చూసి, తలుపు మీది నీలం రింగు కేసి ఒకసారి చూశాడు. మళ్లీ లోపలికెళ్లి గొడుగు తెచ్చుకున్నాడు.