నాలుగో అంశం: రంగరాజన్ అభిప్రాయం

ఆ మంగళవారం కోయంబత్తూరులోని పంపుల కంపెనీకి అరగంట ముందే చేరాలనుకున్నాడు రంగరాజన్. ఇడ్లీ సగంలో వదిలేసి మరీ చేరాడు. ఇరవై రెండేళ్ళుగా అక్కడి మీటింగుల్లో ఎవరేమన్నారో రాసిపెట్టేది ఆయనే. ఇవాళ్టి నుంచి ఆ పని ఏఐ చేస్తుందట. "నీ సంగతి తరవాత చూద్దాం" అన్నాడు యజమాని చెల్లప్ప. యాభై మూడేళ్ళవాడికి కొత్త ఉద్యోగం ఎవడిస్తాడండీ?

మీటింగులో బల్ల మధ్యన లాప్‌టాప్ పెట్టారు. స్టోర్సు చూసే దినకరన్ రంగరాజన్ పక్కకు జరిగాడు. ఇద్దరిదీ ఇంట్లో తెలుగు. మిగతావాళ్ళకు తెలుగు ముక్క రాదు. అంచేత యజమాని ఎదుటే, మొహాన నవ్వు చెదరకుండా, ఆయన్ని తెలుగులో ఏకిపారేయడం వీళ్ళకు ఎన్నాళ్ళనుంచో అలవాటు.

"ఇప్పుడేంజేస్తువు మామా?"

"ఏముండాది? ముదలాళికి కూడిక తెల్లేదు, తీసివేత తెల్లేదు. అంతా సరిజేసి రాసేది నేనుదా. ఇది రాస్తాదా? సాపాటు టైములో దీని వైరు పీకేస్తా."

"పీకు మామా, నేను వాకిట్లో కాపలా ఉంటా."

ఆ పెట్టెకు నలభై భాషలు వచ్చని పాపం వీళ్ళకెవరూ చెప్పలేదు.

మీటింగు ముగిసిన అయిదు నిమిషాలకు అందరి ఫోన్లూ టింగుమన్నాయి. చక్కటి తమిళంలో మెయిలు. "నాలుగో అంశం: యజమానికి కూడిక, తీసివేత రావని రంగరాజన్ అభిప్రాయం. దినకరన్ ఏకీభవించారు. అయిదో అంశం: వైరు పీకుట. బాధ్యత: రంగరాజన్. కాపలా: దినకరన్. గడువు: భోజన విరామం."

రంగరాజన్‌కు పై ప్రాణాలు పైనే పోయాయి. ఇద్దరూ మీటింగు గదికి పరిగెత్తి లాప్‌టాప్ మీద పడ్డారు.

"తుడిచెయ్‌రా, ఆయన చూసేలోపల!"

"ఎట్ల తుడిచేది మామా? పాస్‌వర్డు అడగతాది!"

"అయ్యో తల్లీ, రేణుకమ్మా! నా ఉద్యోగం కాపాడు, నీకు మేకపోతునిస్తా!"

పెట్టె ఇంకా వింటూనే ఉంది. రెండో మెయిలు వెళ్ళింది. "అనుబంధం: మొదటి మెయిలును యజమాని చూడకముందే తుడిచివేయాలని నిర్ణయం. పాస్‌వర్డు లేనందున వాయిదా. రంగరాజన్ అమ్మవారికి మేకపోతును మంజూరు చేశారు."

యజమాని నుంచి పిలుపు వచ్చింది. రంగరాజన్ వెళ్ళాడు.

"నాకు కూడిక రాదా?" అన్నాడు చెల్లప్ప.

"సార్, అదీ..."

"అది ఉండనీ. రెండో అంశం చదివావా?"

అప్పుడు చదివాడు. "మదురై డీలరు కృష్ణసామి ఒట్టి మోసగాడని యజమాని అన్నారు." పేరు వినబడిన వాళ్ళందరికీ పంపే పెట్టె గనక ఆ మెయిలు కృష్ణసామికి కూడా వెళ్ళింది. ఆయన ఇప్పుడే ఫోను చేసి ఆర్డరంతా రద్దు చేసేశాడట.

"ఇదే నువ్వైతే ఏమని రాసేవాడివి?"

"'మదురై డీలరుతో సంబంధాలు మెరుగుపరచుకోవడంపై చర్చించారు' అని రాసేవాణ్ణి సార్."

చెల్లప్పకు ప్రాణం లేచొచ్చింది. "నువ్వెక్కడికీ పోవద్దు" అన్నాడు.

అలా ఉద్యోగం నిలిచింది. ఇప్పుడు పెట్టె రాసిందంతా రంగరాజన్ చదివి, అన్న మాటలు తీసేసి, అనాల్సిన మాటలు పెట్టి పంపుతున్నాడు. గంటలో అయ్యే పనికి మూడు గంటలు పడుతోంది. కంపెనీ కొత్త బ్రోచరులో దాన్ని 'ఏఐ తెచ్చిన వేగం' అని అచ్చువేశారు.