నోరు తెరిచిన బండి

ఆ పొద్దున దుల్మా ముసలమ్మ పెట్టుకున్న పని చిన్నదే. ఆవు పాలు పితకాలి. మొదటి పాలు టీలో కలపకుండా పక్కన పెట్టాలి. కొడుకు లేవకముందే షెడ్డుకు వెళ్ళి, పరీక్షకు నిలబెట్టిన లారీ మీద నాలుగు చుక్కలు చిలకరించి రావాలి. దారి పట్టే మనిషికీ గుర్రానికీ వెనకనుంచి పాలు చిలకరించడం ఆమె పుట్టిన దగ్గర్నుంచీ చూస్తున్నదే. కొడుకూ ఇవాళ ఒక దారి పడుతున్నాడు. గుర్రం స్థానంలో లారీ ఉంది, అంతే తేడా.

కొడుకు దగ్వాకు నలభై దగ్గర పడుతున్నాయి. అంతకు ముందు ఒక చెడ్డ చలికాలంలో మంచు కింద గడ్డి గడ్డకట్టి, మేకలన్నీ నిలబడ్డవి నిలబడ్డట్టే పోయాయి. చివరికి అతనికి మిగిలినవి ఒక ఆవు, ఒక తల్లి. గోబీ ఎడారిలో బొగ్గు లారీలకు మెకానిక్కులు చాలడం లేదని ఎవరో చెబితే, పట్నం శివారులోని లారీ షెడ్డులో పని నేర్చుకోవడానికి చేరాడు. ఇవాళ పరీక్ష. గొంబో మాస్టారు బండిలో కావాలని ఒక లోపం పెడతాడు. దగ్వా దాన్ని కనిపెట్టాలి. కనిపెడితే షెడ్డులో ఉద్యోగం. లేకపోతే తల్లినీ ఆవునూ తోలుకుని, ఎక్కడో దూరపు బావి దగ్గర పరాయివాళ్ళ మంద కాయడానికి పోవాలి. సొంత మంద కాసినవాడికి అది ఎలా ఉంటుందో దగ్వా ఎవరితోనూ అనలేదు. తల్లికి అనక్కర్లేదు.

షెడ్డులో లారీ చులూన్ అనే డ్రైవరుది. ఆయిల్ మార్పించుకోవడానికి తెచ్చి వదిలి, వెనక గదిలో పడి నిద్రపోతున్నాడు. షెడ్డుకు సొంత లారీ లేదు కనుక, ఆయిల్ మార్చేలోపు పరీక్ష దాని మీదే కానిచ్చేయాలని మాస్టారి ఆలోచన. కేబిన్‌ను ముందుకు వంచి పెట్టారు. ఇంజను మొత్తం బయటపడి ఉంది. ఆయిల్ పోసే చోట మూత తీసి పక్కన ఉంచారు.

దుల్మా తొమ్మిది గుంటల కొయ్య గరిటెతో చక్రం చక్రానికీ పాలు చిలకరించింది. ఇంజను దగ్గరికి వచ్చి ఆగింది. దాని పైన నల్లగా ఒక నోరు తెరుచుకుని ఉంది. నోరు తెరిచిన ప్రాణికి పాలు పోయకుండా వెళ్ళిపోయినవాళ్ళు ఆమె వంశంలో లేరు. ఒక గరిటె పోసింది. అంత పెద్ద ఒంటికి ఇదేం సరిపోతుందనిపించి, గరిటె పక్కన పెట్టి చెంబు వంచింది.

ఎండ ఎక్కేసరికి జిల్లా కేంద్రం నుంచి పరీక్షాధికారిణి నర్మా వచ్చింది. మాట తక్కువ మనిషి. దగ్వా లారీ పక్కకు వెళ్ళి, ఒంటె దగ్గరికి వెళ్ళినట్టు ముందు దాని డొక్క మీద మెల్లగా తట్టాడు.

"ఒరే అబ్బాయ్, అది తన్నదు. మొదలుపెట్టు," అన్నాడు గొంబో మాస్టారు.

దగ్వా మూత బిగించాడు. ఇంజను స్టార్టు చేసి, కాసేపు చెవి పెట్టి విన్నాడు. ఆపాడు. ఆయిల్ గేజి పుల్ల బయటికి లాగాడు. నల్లగా ఉండాల్సిన ఆయిల్ పాలటీ రంగులో నురగ కట్టి ఉంది. పాలు ఎక్కడున్నా గుర్తుపట్టే మనిషే. కాని ఇంజను కడుపులో పాలుంటాయని ఎవరు చూడబోతారు? పైగా ఆయిల్ తెల్లబడితే నీళ్ళు చేరినట్టు, నీళ్ళు చేరితే ఇంజను హెడ్డు కింద నీళ్ళను ఆపే గ్యాస్కెట్టు పోయినట్టు అని మాస్టారు చలికాలమంతా చెప్పిన పాఠం. దగ్వా పాలు పితికేటప్పుడు ఆవుకు కూడా అప్పజెప్పిన పాఠం.

"మాస్టారూ! హెడ్డు గ్యాస్కెట్టు పోయింది!"

మాస్టారు వచ్చి చూశాడు. వేలికి రాసుకుని చూశాడు. చలికాలమంతా స్టార్టరును చూపించి డైనమో అన్న శిష్యుడు ఇతనే. మాస్టారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"మీరు పెట్టిన లోపం ఇదేనా?" అంది నర్మా.

"ఇది నాలాంటివాడు పెట్టేది కాదండీ. పైన ఆకాశం పెట్టింది. నా లోపం కంటే పెద్దది పట్టాడండీ మావాడు!"

"రేడియేటర్లో నీళ్ళు అంచుదాకా అలాగే ఉన్నాయే?"

"కొన్ని బండ్లు అంతేనండీ. బయటపడవు."

ఆ సంతోషంలో వెనక గదికి వెళ్ళి చులూన్‌ను మాస్టారే నిద్రలేపాడు. ఇంజను పైభాగం ఊడదీయాలని, సామాను సరిహద్దు అవతలనుంచి రావాలని, ఎప్పటికి వస్తుందో చెప్పలేమని నవ్వుతూ చెప్పాడు. చులూన్ చెప్పులు తొడుక్కోకుండానే వచ్చి బండి ముందు కూలబడ్డాడు.

"ఆయిల్ మార్చమని కదయ్యా ఇచ్చాను! నిన్న కొండెక్కి దిగిన బండి! మీరు పాఠాలు నేర్చుకోవడానికి నా బండే దొరికిందా?"

"నువ్వు అదృష్టవంతుడివిరా. మావాడు చూశాడు కాబట్టి సరిపోయింది. ఎడారి మధ్యలో ఆగిపోతే?"

చులూన్ పెళ్ళానికి ఫోను చేసి, ఇంజను విప్పుతారట అన్నాడు. ఆమె అన్నకు ఫోను చేసి, ఇంజను పోయిందట అంది. ఆ అన్న టీకొట్టు దగ్గర ఉన్న డ్రైవర్లతో, మా బావ బండి తగలబడిందట అన్నాడు. ఇంకేముంది, గంట తిరగకముందే షెడ్డు ముందు లారీలు బారులు తీరాయి. బావమరిది లాగడానికి గొలుసు, ఆర్పడానికి ఇసుక బకెట్టు పట్టుకుని దిగాడు. మిగతా డ్రైవర్లు పరామర్శకు వట్టి చేతులతో రాకూడదని, ఆవిరి మీద ఉడికించిన మాంసం కుడుములు తెచ్చారు. టోపీలు తీసి బండి చుట్టూ నిలబడి, కుడుములు చల్లారకుండా తామే తింటూ, తలా ఒక మాట అన్నారు.

"మంచి బండిరా."

"మొన్న కూడా నన్ను దాటుకుపోయింది."

"నీ బొగ్గు లోడు నేను తీసుకెళ్తాలే చులూన్. నువ్వేం బెంగపడకు."

"అప్పుడే లోడు దాకా వచ్చావా? ఇంకా ఇంజను చల్లారలేదురా!"

వాళ్ళలో పెద్దవాడు, దవడ పళ్ళు లేని ముసలి డ్రైవరు, కుడుము మింగి అడిగాడు. "ఒరే, మొన్న బయలుదేరేటప్పుడు మీ ఆవిడ పాలు చిలకరించిందా?"

చులూన్ తల గోక్కున్నాడు. "పాలపొడి కలిపిందనుకుంటా, పెదనాన్నా."

అందరూ ఒక్కసారి నిట్టూర్చారు. మరి ఇంకేం కారణం కావాలి?

"అసలు పాలు తెప్పించండిరా. విప్పేముందు చిలకరించాలి. దగ్గర్లో ఎవరికుంది ఆవు?"

ఆవు దగ్వా ఇంట్లోనే ఉంది. కబురు వెళ్ళింది. దుల్మా చెంబూ గరిటే పట్టుకుని వచ్చింది. లారీ చుట్టూ మూగిన జనాన్ని చూసి కొడుకు పాసైనందుకు పండగనుకుంది.

"బండికి సుస్తీ చేసిందక్కా. నాలుగు చుక్కలు చిలకరించు," అన్నాడు మాస్టారు.

"మళ్ళీనా తమ్ముడూ? పొద్దున్నే చిలకరించానుగా."

"ఎక్కడ చిలకరించావు?"

"చక్రాలన్నిటికీ. తర్వాత నోట్లో."

"ఏ నోట్లో?"

దుల్మా గరిటె చాపి ఇంజను పైనున్న మూతను చూపించింది. "అప్పుడు తెరుచుకుని ఉంది. పాపం, చాలా దాహంగా ఉన్నట్టుంది. ఎంత పోస్తే అంత తాగింది."

నమలడం ఆగిపోయింది. మాస్టారు తన వేలికి అంటిన ఆయిల్‌ను చూసుకుని, వాసన చూసి, చొక్కాకు తుడుచుకోబోయి, పాలు కదా అని ఆగిపోయాడు. దగ్వా చెవులు ఎర్రబడ్డాయి. భూమి నోరు తెరిస్తే అందులో దూకేవాడే. చులూన్ మాత్రం లేచి వచ్చి ముసలమ్మ రెండు చేతులూ పట్టుకున్నాడు.

"పాలేనా అమ్మా? ఒట్టి పాలేనా?"

"ఒట్టి పాలేమిటి నాయనా, వెన్న తీయనివి!"

ఎలాగూ మార్చాల్సిన ఆయిలే. ఇంజను కింద ఉన్న బోల్టు విప్పితే, పాలూ ఆయిలూ కలిసి పాలటీ రంగులోనే దిగిపోయాయి. మంచి ఆయిల్‌తో ఒకసారి కడిగి, కొత్త ఆయిల్ పోశారు. బావమరిది గొలుసు చుట్టుకున్నాడు. లోడు అడిగిన డ్రైవరు చప్పుడు చేయకుండా జారుకున్నాడు.

"పరీక్ష ఇంకా అవలేదు," అంది నర్మా. "మాస్టారు పెట్టిన లోపం బండిలోనే ఉంది. అది కనిపెట్టాలి."

"ఇంకోటి కూడా ఉందా!" అని చులూన్ మళ్ళీ కూలబడ్డాడు.

దగ్వా మొదలుపెట్టాడు. బెల్టు నొక్కి చూశాడు. గొట్టాలు తడిమాడు. బ్యాటరీ తీగలు కదిపాడు. బ్రేకు గాలి నింపి, చెవి ఆనించి విన్నాడు. బండి కిందికి దూరి, వెల్లకిలా పడుకుని, చాలాసేపు రాలేదు. డ్రైవర్లు ఊరుకుంటారా? ఒకడు లైట్లకేసి కనుబొమలెగరేశాడు. ఒకడు చక్రం వైపు గడ్డం చూపించాడు. బావమరిది వంగి కింద ఉన్న కాళ్ళతో గుసగుసలాడాడు.

"బ్యాటరీ అనెయ్యి తమ్ముడూ. సగం సార్లు అదే అవుద్ది."

దుల్మా గోడ వారన కూర్చుని చెంబు ఒళ్ళో పెట్టుకుంది. దూరపు బావి నీళ్ళు ఉప్పగా ఉంటాయని ఆమెకు తెలుసు.

దగ్వా బయటికి వచ్చాడు. ముఖం నిండా మసి. "నాకేమీ దొరకలేదండీ."

"ఇంకా టైముంది. మళ్ళీ చూడు," అంది నర్మా.

మళ్ళీ చూశాడు. ఈసారి త్వరగానే వచ్చాడు. బ్యాటరీ అనే మాట నోటిదాకా వచ్చింది. పొద్దున ఒకసారి గట్టిగా అరిచి చెప్పిన మాటకు ఒక మనిషి చెప్పులు లేకుండా నేల మీద కూర్చోవడం చూశాడు. ఆ మనిషి ఇప్పుడూ అలాగే కూర్చుని ఉన్నాడు.

"బండికి ఏమీ కాలేదండీ. బాగుంది."

"ఒరే ఒరే, అలా అనకురా!" మాస్టారు అల్లాడిపోయాడు. "ఏదో ఒకటి ఉంటుంది! నా చేత్తో నేనే పెట్టాను కదరా!"

"ఏం పెట్టారు?" అంది నర్మా.

మాస్టారు చెప్పడానికి వేలెత్తాడు. వేలు గాల్లోనే నిలబడింది.

"పొద్దున... బెల్టు వదులు చేద్దామని పానా పట్టుకుని బయలుదేరానండీ. గేటు దగ్గర అక్క తిరిగొస్తూ ఎదురైంది. టీ పోయనా తమ్ముడూ అంది. గేటు పక్క బల్ల మీద కూర్చున్నాను. ఇంటినుంచి తెచ్చి పోసింది."

"టీ తాగాక?"

"ఇంకో గిన్నె పోసింది."

అందరూ గేటు వైపు చూశారు. బల్ల మీద ఖాళీ టీ గిన్నె, దాని పక్కన తుడిచి పెట్టిన పానా ఎండకు మెరుస్తున్నాయి. నర్మా వెళ్ళి పానా ఎత్తి చూసి, మళ్ళీ బల్ల మీదే పెట్టింది. తర్వాత కలం తీసి, దగ్వా పేరు పక్కన పాస్ అని రాసి సంతకం పెట్టింది. మాస్టారికి ఏమీ రాయకుండా వదిలేసింది.

దుల్మా లేచి కొడుకు ముఖం మీది మసిని అంగీ చేతితో తుడవబోయింది. అతను పసివాడిలా తల వంచాడు. ఇదంతా జరుగుతుండగా చులూన్ బండి చుట్టూ రెండుసార్లు తిరిగి వచ్చి, అనుమానంగా మాస్టారి చెవిలో అడిగాడు.

"ఏమీ కాలేదంటాడేంటండీ? నిజంగా పని వచ్చినవాడేనా?"

అడగడా మరి! ఆ షెడ్డు కట్టిన నాటినుంచీ, బండికి ఏమీ కాలేదని చెప్పిన మెకానిక్కు దగ్వా ఒక్కడే.