గేరుబాక్సుకు ఏ నూనె

ఆ శనివారం పొద్దున గోదావరి మీది నుంచి లేచిన మంచు ఊరి దాకా వచ్చి ఆగిపోయింది. తూర్పున సూర్యుడు ఉన్నాడన్న సంగతి ఆకాశం కొంచెం తెల్లబడటం వల్లనే తెలుస్తున్నది. కొత్తరేవు జలపతిరావు తన కొట్టం ముందర నిలబడి, ఒక చేతిలో చాయ గ్లాసు పట్టుకుని, రెండో చేయి కారు బానెటు మీద ఆనించి, మరునాటి సంగతి ఆలోచిస్తున్నాడు.

అది రెండు సీట్ల ఎంజీ కారు. పైకప్పు గుడ్డది. కాగజ్‌నగర్‌లో పనిచేసి స్వదేశం వెళ్ళిపోతున్న ఒక ఇంగ్లీషు ఇంజనీరు దగ్గర తొమ్మిదేళ్ళ కిందట, అరవై ఏడులో కొన్నాడు. భూమి తండ్రి ఇచ్చింది, ఇల్లు తాత కట్టింది, పెళ్ళి పెద్దలు చేసింది. జలపతిరావు తాను కోరి తెచ్చుకున్నది ఈ కారు ఒక్కటే.

ఇప్పుడు దాని నీడకు గండం వచ్చింది. కరీంనగర్ నుంచి కొత్త ట్రాక్టరు ఆదివారం మధ్యాహ్నానికి వస్తున్నది. ఇంటికి కొట్టం ఒక్కటే. పోయిన ఏడు భార్య సరళాదేవి అన్న రామకిషన్‌రావు వచ్చినప్పుడు ఈ కారు దారిలో పెట్రోలు అయిపోయి నిలబడితే, ఎడ్లబండికి కట్టి లాక్కురావలసి వచ్చింది. ఆ ఊరేగింపును సరళాదేవి మరిచిపోలేదు.

"ఐతారం మా అన్న మంచిర్యాలల రైలు దిగుతడు," అని నాలుగు రోజుల కిందటే తేల్చి చెప్పింది. "మీ కారుల కూసోబెట్టుకొని, ఎవ్వరు నూకకుండ, ఎవ్వరు గుంజకుండ తెస్తే కొట్టం కారుకే. ఎడ్లు పట్టినయంటే మాత్రం ట్రాక్టరు లోపల, కారు చింతచెట్టు కింద."

చింతచెట్టు కింద గుడ్డ కప్పు ఎన్ని వానలకు నిలుస్తుందో ఇద్దరికీ తెలుసు.

నిజానికి కారు బాగానే నడుస్తున్నది. దాని మానాన దాన్ని వదిలేస్తే గొడవే లేదు. కానీ మొన్న మంచిర్యాలలో లారీ మెకానిక్ బాలమల్లు మాటవరసకు, "దొరా, గేరాయిలు ఎన్నడు మార్చిన్రు?" అని అడిగాడు. జలపతిరావు ఆలోచించి చూస్తే, ఎన్నడూ మార్చలేదు. ఆ క్షణం నుంచి రెండో గేరు తీసి మూడో గేరు వేసేటప్పుడు, అంతకు ముందు ఎన్నడూ వినని చప్పుడు ఆయనకు వినపడసాగింది.

"హనుమండ్లూ, బండి కట్టు. మంచిర్యాల పోయి గేరాయిలు తెద్దాం," అన్నాడు.

హనుమండ్లు ఆ ఇంట్లో ముప్పై ఏళ్ళుగా ఎడ్లబండి తోలుతున్నాడు. అడిగితే తప్ప నోరు విప్పే మనిషి కాదు. ఆ పొద్దు మాత్రం కాడి ఎత్తుతూ ఆగి, "దొరా, ఒక మాట," అన్నాడు.

"ఎడ్ల సంగతా?"

"కాదు దొరా. కారు సంగతి."

"కారు సంగతి నీకెందుకయ్యా. ఎడ్ల సంగతి ఏమన్న ఉంటె చెప్పు."

ఎడ్ల సంగతి చెప్పవలసింది ఏమీ లేదు. హనుమండ్లు బండి కట్టాడు.

కారుతో పాటు ఇంజనీరు ఇచ్చిన పుస్తకం ఒకటి ఉండేది. జలపతిరావు దాన్ని కూడా సంచిలో పెట్టుకున్నాడు. గేరుబాక్సు నూనె గురించిన పేజీని చెదలు అప్పటికే శ్రద్ధగా చదివేశాయి. మిగిలింది ఒక్క ముక్క: "ఎట్టి పరిస్థితిలోనూ వాడరాదు." ఏది వాడరాదో చెదల కడుపులో ఉంది.

మంచిర్యాలలో బాలమల్లు ఆ ముక్కను చదివించుకుని తల ఊపాడు. "పుస్తకాల ఏముంటది దొరా. నూట నలభై నంబరు పోద్దాం. చిక్కగుంటది. బొగ్గు లారీలకు నేను పోసేది గదే."

పక్క బెంచీ మీద చాయ తాగుతున్న భూమన్న నవ్వాడు. కాగితం మిల్లులో ఫిట్టరు, సెలవు మీద వచ్చాడు. "లారీ నూనె గింత చిన్న బండికా? గడ్డపెరుగుల తెడ్డు తిప్పినట్టయితది. తొంభై నంబరు తెప్పియ్యున్రి దొరా. గంధకం మందు కలిపిన రకం. గేర్ల పండ్లు అరుగయి."

"గంధకం ఇత్తడిని తింటది," అన్నాడు బాలమల్లు. "గా బండి లోపల ఇత్తడి రింగులున్నయి."

"నువ్వు చూసినవా?"

"లేవని నువ్వు చూసినవా?"

ఇద్దరూ చూడలేదు. అందుకని గొంతులు పెంచారు. ఒకడు రాజురా బొగ్గు లారీ పేరు ఎత్తితే, ఇంకొకడు మిల్లులోని పెద్ద యంత్రం పేరు ఎత్తాడు.

ఇట్లాంటివి జలపతిరావుకు కొత్త కాదు. పొలం గెట్ల తగాదాలు, కాలువ నీళ్ళ తగాదాలు, అన్నదమ్ముల పంపకాలు ఊళ్ళో ముప్పై ఏళ్ళుగా ఆయనే తీరుస్తున్నాడు. ఆయన పద్ధతి ఒకటే. వచ్చిన ఇద్దరిలో ఎవరూ ఉత్త చేతులతో పోకూడదు.

"సగం అది, సగం ఇది," అన్నాడు. "ఇద్దరి మాట నిలవడ్డట్టు."

బాలమల్లు, భూమన్న ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తీర్పు ఇద్దరికీ నచ్చలేదు గనుక అది న్యాయమైనదేనని జలపతిరావు తృప్తిపడ్డాడు.

మధ్యాహ్నం ఇల్లు చేరి, ఆయనే కారు కిందికి దూరి గేరుబాక్సు అడుగు మర విప్పాడు. హనుమండ్లు సత్తు గిన్నె పట్టాడు. తొమ్మిదేళ్ళ నూనె తారులాగ ఉంటుందనుకుంటే తేనె రంగులో, తీగలు తీగలుగా జారింది.

"చూసినవా, సత్తువ పోయి ఎట్ల పచ్చబడ్డదో," అన్నాడు జలపతిరావు.

"దొరా, ఒక మాట."

"గిన్నె సక్కగ పట్టు ముందుగాల."

హనుమండ్లు గిన్నె చక్కగా పట్టాడు. తరువాత దాని మీద మూత పెట్టి, పారబోయకుండా ఎడ్లబండిలో గడ్డి కింద దాచాడు. జలపతిరావు రెండు నూనెలూ కొలిచి కలిపి, సీట్ల నడుమ రబ్బరు మూత తీసి పోశాడు. గంధకం వాసన ఇంట్లోకి పోయింది. కోడిగుడ్లు ఏవో మురిగాయని సరళాదేవి వంటిల్లంతా వెతికింది.

ఆదివారం చలి ఇంకా గట్టిగా ఉంది. ఇంజను ఒక్క తిప్పుకే లేచింది. గేరు కడ్డీ మాత్రం మొదటి గేరులోకి పోనన్నది. రెండులోకి సగం పోయి వెనక్కి తన్నింది. మూడులోకి చూడనైనా చూడలేదు. రెండు నూనెలూ చలికి బిగిసి, లోపల కొత్తగా ఏదో పంచాయితీ పెట్టుకున్నట్టున్నాయి. చివరికి పడింది ఒక్కటే, వెనక గేరు.

కొట్టంలో నుంచి కారు ఎట్లాగూ వెనక్కే రావాలి. సరళాదేవికి అనుమానం రాలేదు. "అన్న సామాను కారుల పట్టది," అని హనుమండ్లును బండితో వెంట పంపింది. కారు వాకిలి దాటింది, సందు దాటింది, మంచిర్యాల బాట ఎక్కింది, వెనక్కే పోతున్నది. అప్పుడు ఆమె అరుగు మీదికి వచ్చి నిలబడింది గానీ, అప్పటికే మంచు కారును మింగేసింది.

కారులో తేవాలన్నదే షరతు. ఏ దిక్కుకు మొహం పెట్టి తేవాలో షరతులో లేదు. ఆ మాట పట్టుకుని జలపతిరావు ఎడమ భుజం మీదుగా మెడ తిప్పి, వెనక బాట చూస్తూ మూడు మైళ్ళు తోలాడు. ఆ వేగానికి ఎడ్లు హాయిగా అందుకున్నాయి. దారి పొడుగునా కారు దీపాలూ ఎడ్ల మొహాలూ ఒకదాన్నొకటి చూసుకుంటూ సాగాయి.

పెరుగు గంప నెత్తిన పెట్టుకుని ఎదురైన భూమవ్వ బాట పక్కకు జరిగి నిలబడింది. "దొరా, వస్తున్నరా, పోతున్నరా?"

జలపతిరావు కొంచెం ఆలోచించి, "పోతున్న," అన్నాడు.

రామకిషన్‌రావు వరంగల్‌లో వకీలు. పెట్టె, బియ్యం సంచీ ఎడ్లబండిలో వేయించి, మఫ్లరు చుట్టుకుని, కారెక్కి కూర్చున్నాడు. కారు కదిలిన కొంతసేపటికి, "బావా, బండి మొహం గటున్నది, మనం గిటు పోతున్నం," అన్నాడు.

"చలికాలం గదా బావా. గిట్లయితె గాలి మొహానికి కొట్టది."

వకీలు ఆ వాదనలో లోపం వెతికాడు. దొరకలేదు. చేతులు ముడుచుకుని కూర్చున్నాడు.

మైలు దూరం వచ్చాక కారు ఆగింది. కారుది తప్పు కాదు. జలపతిరావు మెడ పట్టేసింది. ఎడమ భుజం మీదికి తిరిగింది తిరిగినట్టే ఉండిపోయి, ఇంకా వెనక్కి పోదు, ముందుకు రాదు. బాట కనపడదు. కనపడేది పక్క సీటులోని బావ మొహం ఒక్కటే. ఎడ్లబండి వచ్చి పక్కన నిలబడింది. ఎడ్లు తీరికగా నెమరు వేస్తున్నాయి. వాటి గంటల చప్పుడు వింటుంటే జలపతిరావుకు చింతచెట్టు కళ్ళముందు ఆడింది.

"పరేషాన్ గాకున్రి దొరా," అంటూ హనుమండ్లు గడ్డి కింద నుంచి గిన్నె తీశాడు. వేడి ఇంజను మీద కాసేపు పెట్టి, అరచేతిలోకి ఇంత వంపుకుని, దొర మెడకు రుద్దసాగాడు. మెడకు ప్రాణం లేచి వచ్చినట్టయింది.

రామకిషన్‌రావు ముక్కు ఎగబీల్చాడు. "ఇది ఆముదం గదా. బండిల ఆముదం పెట్టుకొని తిరుగుతవా?"

"ఇది కారుల నుంచి తీసింది సారూ."

జలపతిరావు కదలలేదు. కదలలేడు కూడా. "నా మెడకు గేరాయిలు రుద్దుతున్నవా?"

"గేరాయిలు కాదు దొరా, ఆముదమే. మన గానుగది. గేర్లకు గూడ గదే పోస్తున్న."

"ఎన్నాళ్ళ సంది?"

"తొమ్మిదేండ్ల సంది." హనుమండ్లు రుద్దడం ఆపలేదు. "కారు తెచ్చిన యేడే మీరు కాశికి పోయిన్రు గదా. గా నెల కొట్టంల కింద నూనె మరకైంది. మూత తీసి చూస్తె లోపల ఎండి ఉన్నది. ఇరుసు ఎండితె బండి ఏమైతదో నాకెర్క. ఎడ్లబండికని దొరసాని దగ్గర ఆముదం తెచ్చి పోసిన. అప్పటి సంది అమాసకు అమాసకు అది ఇంత కారుడు, నేను ఇంత పోసుడు."

"మరి నాకెందుకు చెప్పలే?"

హనుమండ్లు చేయి ఆగింది. ఎంత వెతికినా ఒక్క కారణమే దొరికినట్టు, "మీరు అడగలే," అన్నాడు. "నిన్న రెండుసార్లు చెప్పబోతి."

రామకిషన్‌రావు మఫ్లరు సర్దుకున్నాడు. "సాక్షిని విచారించకుండనే తీర్పు చెప్పినవన్నట్టు బావా."

మంచు విచ్చి ఎండ పడింది. హనుమండ్లు కారు కిందికి దూరి మర విప్పాడు. బాలమల్లు మాటా భూమన్న మాటా కలిసి బాట పక్క గుంటలోకి పోయాయి. గిన్నెలో మిగిలిన ఆముదాన్ని, ఎడ్లబండి ఇరుసుకని ఉంచిన సీసాలోదీ కలిపి పోశాడు. జలపతిరావు కడ్డీ పట్టుకుని, ఏ దేవుణ్ణీ తలుచుకోకుండా, మెల్లగా నెట్టాడు. మొదటి గేరు పడింది. కారు మొహం ఊరి వైపుకు తిప్పుకున్నాడు. రెండు పడింది. తొమ్మిదేళ్ళుగా తాను మెచ్చుకుంటున్న మెత్తదనం ఎవరిదో తెలిసి, మూడో గేరు ముందర ఒక్క నిమిషం తటపటాయించాడు. అదీ పడింది. చప్పుడు లేదు.

మెడ మాత్రం ఇంకా పక్కకే ఉంది. బాట చూసే పని రామకిషన్‌రావు తీసుకున్నాడు.

"జర కుడికి బావా. ఇగ సీదా పోనియ్యి. బర్రె ఉన్నది, జర ఆగు."

ఖాళీ గంపతో తిరిగి వస్తున్న భూమవ్వ మళ్ళీ పక్కకు జరిగింది. కారును చూసింది, దొరను చూసింది. "పొద్దుగాల బండి ఉల్టా ఉండె," అన్నది తనలో తాను. "ఇప్పుడు బండి సీదైంది, దొర ఉల్టా అయిండు."

సరళాదేవి వాకిట్లోనే ఉంది. కారు ముందర ఎడ్లున్నాయేమో చూసింది, వెనక నూకేవాళ్ళున్నారేమో చూసింది. ఎడ్లబండి రావడానికి ఇంకా అరగంట పట్టింది. ఆమె మాట తప్పే మనిషి కాదు. కారు కొట్టంలోకి పోయింది. మధ్యాహ్నం వచ్చిన ట్రాక్టరు, మెడలో పూలదండతో, చింతచెట్టు కింద నిలబడింది.

అన్నాలకు పీటలు వేసేటప్పుడు హనుమండ్లు ఎప్పటిలాగే బయటి అరుగు వైపు పోబోయాడు. జలపతిరావు తన ఎడమ పక్కన చేత్తో తట్టి, "ఇక్కడ కూసో," అన్నాడు. హనుమండ్లు ఒకసారి దొరసాని వైపు చూశాడు. ఆమె ఇంకో విస్తరి తెచ్చి వేసింది.

జొన్నరొట్టె, నాటుకోడి కూర, పచ్చిపులుసు. వడ్డిస్తూ భర్త మెడ దగ్గర వంగినప్పుడు సరళాదేవి ఆగిపోయింది. వాసన పట్టింది. గిన్నె పట్టుకుని అట్లాగే నిలబడి, మెడను, హనుమండ్లును, కిటికీలో నుంచి కొట్టాన్ని వరుసగా చూసింది. "ఎడ్లబండి గింత నూనె తాగుతదేందని తొమ్మిదేండ్ల సంది అనుకుంటనే ఉన్న," అన్నది మెల్లగా.

రామకిషన్‌రావు ఎముక మీద చాలా శ్రద్ధ పెట్టాడు.

ఆమె అందరికీ పులుసు పోసి, చివరికి అడిగింది. "మరి గా ట్రాక్టరుకు ఏ నూనె పోస్తరు?"

జలపతిరావుకు ఈసారి ఎవరిని అడగాలో వెతుక్కోనక్కరలేకపోయింది. మెడ ఇంకా హనుమండ్లు వైపే తిరిగి ఉంది.