కాటన్‌పేటలో ఒక దగ్గు

ఆ శుక్రవారం ఉదయం అక్కయమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. తలస్నానం, పూజ, ఇల్లంతా సాంబ్రాణి ధూపం. అంగళ్లు మూతపడి నెలన్నరగా దేవుడికి శుక్రవారం ధూపమే లేదు; నిన్ననే అంగడి తెరిస్తే సాంబ్రాణి దొరికింది. పైగా మొక్కు కూడా ఉంది. తొమ్మిదేళ్ల మనవరాలు మేఘనకు ఉబ్బసం. కరోనా వస్తే ఈ పిల్ల గతేమిటని ఇంటిల్లిపాదీ వణుకుతుంటే, ఆ పిల్ల లాక్‌డౌన్ మొదలయ్యాక ఒక్కసారి కూడా దగ్గలేదు.

"బిడ్డ ఎంత బాగుండాదో చూడు!" అంటూ అక్కయమ్మ నిప్పుల మీద గుప్పెడు సాంబ్రాణి చల్లింది.

నాలుగు నిమిషాల్లో మేఘన దగ్గింది. కోడలు నళిని ఇన్‌హేలర్ కోసం పరుగెత్తింది. అక్కయమ్మ జబ్బును తరిమేయాలని ఇంకో గుప్పెడు వేసింది. బయటి గాలిలో కరోనా ఉందని కిటికీలు కూడా మూసింది.

కింది వాటాలో ఉండే సొన్నప్ప చెవిన ఆ దగ్గు పడింది. "పైన ఎవరు దగ్గేది?"

"బిడ్డ కాదప్పా, నాకే గొంతులో వక్క అడ్డం పడింది!" అని బొంకింది అక్కయమ్మ.

ముసలివాళ్లు దగ్గితే మరీ ప్రమాదమని టీవీలో చెప్పారు కదా. సొన్నప్ప గడప ముందు వేపాకు పొగ పెట్టాడు. ఆ పొగ మెట్లెక్కి నేరుగా పైకి వచ్చింది. మేఘన ఇంకా దగ్గింది. ఎదురింటివాళ్లూ పొగ పెట్టారు. కాసేపట్లో వీధంతా పొగ, వీధంతా దగ్గు. ఎవరు దగ్గినా పక్కింటివాళ్లు మరో రెమ్మ వేస్తున్నారు.

"ఆస్పత్రికి పోదాం అత్తా!"

"ఆడే కరోనా ఉండాది కదే!"

పిల్ల డొక్కలు ఎగరేస్తోంది. నళినికి ఏడుపు ఆగలేదు.

ఈలోగా ఎవరో వార్డు ఆఫీసుకు ఫోన్ చేశారు. ఆరోగ్య కార్యకర్త రంజిత తెల్ల పీపీఈ సూటులో వచ్చింది. "కరోనా ఎవరికి?" అంటే దగ్గుతూనే అందరూ మేడవైపు చూపించారు.

"ముందు ఈ పొగలు ఆర్పండప్పా! బిడ్డను మిద్దె మీదికి తీసుకపోండి!"

మిద్దె మీద ఇన్‌హేలర్ మళ్లీ ఇచ్చారు. కాసేపటికి మేఘన ఊపిరి కుదుటపడింది. కింద పదకొండు మంది ముక్కుల్లోకి కరోనా పరీక్ష పుల్లలు వెళ్లాయి.

"నాకేం లేదమ్మా, పొగకు దగ్గినా," అన్నాడు సొన్నప్ప.

"అందరూ అదే చెప్తారు."

తర్వాత రంజిత నళినిని అడిగింది. "ముందు ఎప్పుడెప్పుడు వస్తా ఉండె ఈ బిడ్డకు?"

"శనివారం వస్తే ఆస్పత్రే మేడమ్. నాలుగేళ్లుగా..." నళిని ఆగిపోయింది. శనివారానికి ముందు రోజు ఏమిటో అత్తాకోడళ్లిద్దరికీ ఒకేసారి తట్టింది.

అక్కయమ్మ కూలబడింది. "నా చేత్తోనే పెట్టినానే తల్లీ!"

మేఘన వెళ్లి ఆమె కళ్లు తుడిచింది. "ఏడవద్దవ్వా, దగ్గొస్తాది."

రిపోర్టుల్లో ఎవరికీ ఏమీ లేదని తేలింది. మిగిలిన సాంబ్రాణిని అక్కయమ్మ తనే తీసుకెళ్లి కాలవలో పారబోసింది. జూన్‌లో ఆంక్షలు సడలించిన రోజు మార్కెట్ లారీలన్నీ పొగ చిమ్ముకుంటూ ఒక్కసారే వీధిలోకి వచ్చాయి, వాటి వెనకే జనమంతా బయటికి వచ్చారు. మేఘన లోపలికి వెళ్లి కిటికీ వేసుకుంది.