నాలుగో అంచె

ఈ దేశంలో ప్రభుత్వ వైద్యం మూడంచెలుగా నడుస్తుందని పుస్తకాల్లో రాసి ఉంటుంది. ఊళ్లో చిన్నాసుపత్రి, టౌన్లో పెద్దాసుపత్రి, అక్కడా తేలకపోతే విశాఖపట్నం. రాసినవాళ్లు చదువుకున్నవాళ్లే గానీ, జబ్బు చేసి ఆ మెట్లెక్కినవాళ్లు కాదు. ఎక్కి ఉంటే నాలుగో అంచె ఒకటుందనీ, అది కదలకపోతే మిగతా మూడూ తలుపులు బార్లా తీసి కూర్చున్నా లాభం లేదనీ వాళ్లకీ తెలిసేది. ఆ నాలుగో అంచె అరసవల్లిలో, రైసు మిల్లు గుమస్తా జగన్నాధం ఇంట్లో, వంటగదిలో ఉంటుంది. పేరు పద్మకుమారి. వయసు యాభై రెండు. గురువారం నాడు ఆ అంచె ఎవరికోసం పనిచేయాలన్న దాని మీద ఆ ఇంట్లో మూడు రోజులుగా తగువు సాగుతోంది.

తగువు చిన్నదే. పద్మకుమారి కుడికంటి శుక్లం తీయడానికి పెద్దాసుపత్రివాళ్లు గురువారం ఇచ్చారు. (ఏ పెద్దాసుపత్రి అని అడక్కండి, అన్నీ ఒకలాగే ఉంటాయి.) అదే గురువారం, అదే ఆసుపత్రిలో, ఆడపడుచు ఈశ్వరి మొగుడికి కడుపు స్కానింగు. ఈశ్వరి వాళ్లది నెల్లిమర్ల. వాళ్లకి విజయనగరం కూతవేటు దూరం. అయినా ఇంత దూరం రావడానికి కారణం వైద్యం కాదు, అక్కడ వదిన లేకపోవడం.

ఈశ్వరి రోజుకి రెండుసార్లు ఫోన్ చేస్తోంది. తనకి ఆసుపత్రి వాసన పడదనీ, ఆయనకి నోరు లేదనీ, వదిన పక్కనుంటే ఆయన బీపీ కూడా దిగుతుందనీ చెబుతోంది. జగన్నాధానికి గురువారం ఆమదాలవలస మిల్లులో ధాన్యం లారీలు దిగుతాయి. కొడుకు ధనరాజ్ సెల్‌ఫోన్ల షాపులో చేస్తాడు, ఆ రోజు కొత్త మోడల్ వస్తుంది. ఇక మిగిలింది అత్తగారు గురమ్మ. ఆవిడకి ఎనభై ఒకటి. ఆవిడ ఎవరికీ తోడు వెళ్లలేదు గానీ, ఎవరికి ఎవరు తోడు వెళ్లాలో చెప్పగలదు.

"కడుపైతే ఒక్కటే ఉంటాది. కన్నంటే రెండోది ఉన్నాది కదే, కోడలా. ఓ నెల ఆగితే ఏటి పోయింది?" అంది గురమ్మ.

ఆ మాటలో తప్పు పట్టడానికి ఇంట్లో ఎవరికీ ఏమీ దొరకలేదు.

నాలుగో అంచెలో పనిచేయడానికి ఏ అర్హతలు కావాలో ఎక్కడా రాసి ఉండదు గానీ, పద్మకుమారికి అవన్నీ ఉన్నాయి. ఓపీ చీటీ గది ఏడున్నరకి తెరుస్తారని బోర్డు మీద ఉంటుంది. తెరిచే మనిషి టీ తాగి ఎనిమిదింబావుకి వస్తాడని ఆమెకి తెలుసు. రక్తపరీక్ష కాగితం రెండో అంతస్తులో ఇస్తారు, దాని మీద ముద్ర కింద వేస్తారు, ముద్ర వేసే అతను మళ్లీ రెండో అంతస్తులో ఉంటాడు. అదీ తెలుసు. ఆధార్ జిరాక్సులు రెండు అడిగితే నాలుగు తీయించాలి, మూడో నంబరు లిఫ్టు కోసం ఎదురుచూడకూడదు. ఇరవై ఏళ్లుగా చుట్టాల్నీ, చుట్టాల చుట్టాల్నీ, ఒకసారైతే ఆటోలో పక్కన కూర్చున్న ముసలాయన్నీ ఆమె ఇలాగే చేయిపట్టి నడిపించింది.

ఆ అనుభవమే ఆమె కొంప ముంచింది. ఆవాలనుకుని చోళ్లతో, అంటే రాగులతో, పోపు పెట్టి, అవెందుకు చిటపటలాడటం లేదా అని చాలాసేపు నిలబడ్డ రోజున, కన్ను చూపించుకోవాలని అనుకుంది. వెళ్లింది. ఎడమకన్ను మూసి గోడ మీద పలకలోని అక్షరాలు చదవమన్నారు. ఎంతమంది రోగుల వెనక నిలబడి ఆ పలక చదవడం విన్నదో, అడుగు వరసతో సహా గడగడా చదివేసింది. పరీక్ష చేసే అతను కర్ర పెట్టకముందే చదివేసింది. "చూపు శ్రేష్ఠం" అని రాసి పంపించేశారు. ఇంటికొచ్చాక గానీ ఆమెకి అర్థం కాలేదు, తను ఒక్క అక్షరమూ చూడలేదని.

మర్నాడు వెళ్లి ఉన్న సంగతి చెప్పింది. ఆసుపత్రికి ఉన్నది ఒక్కటే పలక. దాన్ని తలకిందులుగా వేలాడదీశారు. అప్పుడు తేలింది, కుడికన్ను ముప్పాతిక మూసుకుపోయిందని. ఇంకా ఆలస్యం చేస్తే మంచిది కాదని డాక్టరమ్మ కేస్ షీట్ మీద రాసి, కింద రెండు గీతలు గీసింది. ఆ గీతల సంగతి పద్మకుమారి ఇంట్లో చెప్పింది. తగువులో అది లెక్కలోకి రాలేదు.

బుధవారం పొద్దున్న ఆమె ఎవరికీ చెప్పకుండా ఆసుపత్రికి వెళ్లి పద్నాలుగో గది ముందు కూర్చుంది. తోడు మనుషుల ధ్రువీకరణ అధికారి యుగంధర్ గారి గది అది. తోడు లేని రోగిని రోగిగా గుర్తించకూడదని రూలు. రోగం ఉంటే సరిపోదు, రోగాన్ని మోసుకొచ్చే మనిషి కూడా ఉండాలి. మందులు బయట కొనుక్కు రావడానికీ, చెప్పులు పట్టుకోవడానికీ, పిలిచినప్పుడు పలకడానికీ ఆ మనిషి లేకపోతే ఆసుపత్రి సిబ్బంది మీద పనిభారం పడుతుంది. (అందుకే ఆ ఉద్యోగాన్ని ప్రభుత్వం జీతం లేకుండా సృష్టించింది.)

"రోగి పేరు?" అని అడిగాడు యుగంధర్.

"పద్మకుమారి."

ఆయన కంప్యూటర్లో పేరు కొట్టాడు. "తోడు?"

ఆమె జవాబు చెప్పేలోపే కంప్యూటర్ చెప్పింది. తోడు అన్న గడిలో ఆయన 'ప' కొట్టగానే పేరూ, ఆధార్ నంబరూ, ఫోన్ నంబరూ వాటంతటవే నిండిపోయాయి. ఈశ్వరి మొగుడితో కలిపి నలభై మూడు మందికి తోడుగా ఆ పేరే ఉంది. యుగంధర్ కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ చూశాడు. రెండు గడుల్లోనూ ఒకటే పేరు. బంధుత్వం అన్న చోట కంప్యూటర్ "స్వయం" అని కూడా రాసుకుంది.

"ఇలా కుదరదు కదమ్మా," అన్నాడు ఆయన, మెత్తగానే.

"ఏ రూలు కింద కుదరదు, బాబూ?"

ఆ ప్రశ్న ఆయన్ని ఇరుకున పెట్టింది. రూళ్ల పుస్తకం మొత్తం తిరగేశాడు. తోడు మనిషికి పద్దెనిమిదేళ్లు నిండాలి, ఆధార్ ఉండాలి, ఆసుపత్రి తెలిసి ఉంటే మంచిది. అన్నీ ఉన్నాయి. తోడు మనిషి రోగి కాకూడదని మాత్రం ఎక్కడా లేదు. పై ఆఫీసుకి రాశాడు. ఆ ఆఫీసు నుంచి జవాబు గంటలో వచ్చింది. (ఆసుపత్రి చరిత్రలో అంత తొందరగా వచ్చినది అదొక్కటే.) అభ్యంతరం లేదన్నారు. కాకపోతే ఆపరేషన్ వల్ల వచ్చే ప్రమాదాల్ని తోడు మనిషి రోగికి విడమరిచి చెప్పాలి. బయటికొచ్చాక రోగిని తోడు మనిషి క్షేమంగా అందుకున్నట్టు సంతకం పెట్టాలి. ఇంకా, రోగిగా నమోదైన మనిషి ఆరు వారాలపాటు తనకి తప్ప మరెవరికీ తోడుగా పనికిరాదు. అలాంటప్పుడు పెండింగులో ఉన్న వాళ్లందరికీ అదే బియ్యం కార్డులోంచి బదిలీ పేరు ఒకటి ఇవ్వాలి.

పద్మకుమారి అక్కడే నిలబడి ప్రమాదాల్ని తనకి తాను విడమరిచి చెప్పుకుంది. అర్థమైందని సంతకం పెట్టింది. బదిలీ పేరు దగ్గర కాసేపు ఆలోచించింది. పెన్ను మూత తీసేంతసేపు. ఆమెకి రెండు చీటీలిచ్చారు, రోగికి గులాబి రంగుది, తోడుకి పసుపుది.

ఆ సాయంత్రం అందరూ అన్నానికి కూర్చున్నారు. ఈశ్వరి కూడా మొగుడితో దిగింది, పొద్దున్నే స్కానింగు కదా. పద్మకుమారి అందరికీ పప్పు వడ్డించాక చెప్పింది.

"రేపు ఆపరేషన్ సేయించుకుంటన్నాను. నాకు తోడు నానే. కాయితం అయిపోయింది."

ఎవరి ముద్దా ఆగలేదు. పైగా ఇంట్లో ఒక తేలికదనం వచ్చింది. ధనరాజ్ అప్పడం విరిచాడు. ముందు తేరుకున్నది గురమ్మే.

"మంచి పని సేసినావు. మరైతే లోపలికి ఎల్లేది రోగి కదా. బయట కూసున్న పద్మ ఖాళీయే కదేటి? ఈశ్వరి మొగుడి స్కానింగు ఆ పద్మ సూసుకుంటాది."

జగన్నాధం తలూపాడు. (యుగంధర్ గారి బుర్రకి కూడా ఇంత దూరం తట్టలేదు.)

పద్మకుమారి అత్తగారి గ్లాసులో మజ్జిగ పోసింది. ఒలకకుండా, గ్లాసు అంచు వేలితో తడుముకుంటూ పోసింది.

"అదీ అడిగేను, అత్తా. ఆరు వారాలు కుదరదంట. అందుకే ఈశ్వరి మొగుడికీ, మిగతా నలభై రెండు మందికీ పేరు మార్పించీసినాను. కంప్యూటర్లో ఇకమీదట మీ అబ్బాయి పేరు వస్తాది. రేపు ఏడింటికి రమ్మన్నారు."

ఈశ్వరి అన్న వైపు చూసింది. ఈశ్వరి మొగుడు, నోరు లేని మనిషి, చిన్నగా దగ్గాడు. జగన్నాధం చెయ్యి కంచంలో ఆగిపోయింది. ఆసుపత్రి ఆయన మిల్లుకి వెళ్లే దారిలోనే ఉంది. ఇరవై ఏళ్లుగా రోజూ రెండుసార్లు దాని గేటు ముందు నుంచే వెళ్తున్నాడు.

"స్కానింగు ఎటేపు, పద్మా?" అని అడిగాడు.

"గోడల మీద రాసుంటాది," అంది పద్మకుమారి, మజ్జిగ గిన్నె మూత కోసం తడుముకుంటూ. "కళ్లు బాగున్నోళ్లకి కనబడతాది."